పోయిందన్న హెల్మెట్

ఆ ఆదివారం పొద్దున విశ్వనాథం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మస్కట్‌లో ఉన్న మరదలు భాగ్యశ్రీ ఇంటికి భార్యాపిల్లలతో వెళ్ళి రావాలి. వెళ్తున్నట్టు నాచారంలో నరమానవుడికి తెలియకూడదు.

"తెలిస్తే ఏమవుతుందండీ? మనమేమన్నా దొంగతనానికి వెళ్తున్నామా?" అంది సూర్యకళ కాఫీ ఇస్తూ.

"తెలిస్తే ఆవకాయ వస్తుంది" అన్నాడు విశ్వనాథం.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఒకసారి ఆఫీసు పనిమీద ఢిల్లీ వెళ్తుంటే పై అంతస్తు సుశీలమ్మగారు తన మేనకోడలికి ఇమ్మని ఆవకాయ జాడీ ఇచ్చింది. అది రైల్లోనే మూత వదిలేసింది. పెద్ద అధికారుల ముందు విశ్వనాథం తెరిచిన ఫైల్లో ప్రతి కాగితం ఎర్రగా, నూనెతో మెరుస్తూ ఉంది. మీటింగు అయ్యేదాకా అందరూ ముక్కులు ఎగబీలుస్తూనే ఉన్నారు. ఆ పైన సుశీలమ్మగారు జాడీ తిరిగి తేలేదేమని ఏడాదిపాటు అడిగింది. అప్పటినుంచి అతనికి జీవితంలో ఒకే ఒక్క కోరిక మిగిలింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన బట్టలు మాత్రమే పెట్టుకుని ఎక్కడికైనా వెళ్ళాలి. అందుకు తోడు ఆ సంవత్సరం ఆఫీసులో ఆడిటు, ఇంట్లో పిల్లల పరీక్షలు అతన్ని పిండేశాయి. మస్కట్‌లో చూడాల్సినవేమిటో కూడా అతను కనుక్కోలేదు. ఖాళీ చేతులతో వెళ్ళి, మరదలి ఇంట్లో కంటినిండా నిద్రపోవాలని మాత్రం గట్టిగా అనుకున్నాడు.

పాస్‌పోర్టు విచారణకని కానిస్టేబుల్ వచ్చేసరికి ఆ ప్రణాళికకు చిల్లు పడింది. పాపం ఆయన తప్పేమీ లేదు. గేటు దగ్గర బండి ఆపి విశ్వనాథం ఇల్లు ఏదని అడిగాడు, పైకి వచ్చి కాగితాలు చూశాడు, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. కానీ విశ్వనాథం ఆయన్ని సాగనంపుతూ కింది మెట్ల దాకా వచ్చినప్పుడే సుశీలమ్మగారు కూరగాయల సంచీతో ఎక్కి వస్తోంది.

"పోలీసాయన వచ్చాడేమిటండీ? పాస్‌పోర్టుకా?" అంది ఆవిడ.

మొదటి దెబ్బకే ఆవిడ అంత సూటిగా కొడుతుందని విశ్వనాథం అనుకోలేదు. కాదు కాదు అనేశాడు. మరెందుకో చెప్పాలి కదా. ఎదురుగా సెల్లార్లో తన స్కూటరు కనిపించింది. బండి మీద పెట్టిన హెల్మెట్ ఎవరో పట్టుకుపోయారండీ అనేశాడు. ఇంట్లోకి వచ్చి, తన తెలివికి తనే మురిసిపోయి, ఫ్రిజ్ మీదున్న హెల్మెట్‌ని ఒకసారి నిమిరాడు.

హెల్మెట్ పోతే పోలీసులు ఇంటికి రారన్న సంగతి అతనికి తోచలేదుగానీ, అపార్ట్‌మెంటులో మిగతా అందరికీ తోచింది. సాయంత్రానికల్లా అసోసియేషన్ సెక్రటరీ మహిపాల్ వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"బంగారం ఎంత పోయిందన్నా? నాకు చెప్పున్రి. ఫికర్ చెయ్యకున్రి."

"హెల్మెట్ ఒక్కటేనండీ."

"గట్లనే అంటరు. బయటికి తెలుస్తదని మీ భయం మీది."

ఎంత కాదంటే అంత నమ్మకం పెరిగింది. మర్నాటికి ప్రతి ఫ్లాటుకీ కొత్త తాళం పడింది. సుశీలమ్మగారు సూర్యకళ మెడలోని గొలుసు చూసి, ఇదొక్కటే మిగిలిందా తల్లీ అని కళ్ళు తుడుచుకుంది. సూర్యకళ ఏమీ అనలేక ఇంట్లోకి వచ్చి, అనాల్సినవన్నీ మొగుణ్ణి అంది.

ఈ గొడవలోనే ఏఎస్ రావు నగర్‌లో సూట్‌కేసులు కొనాల్సి వచ్చింది. వాటిని చూస్తే గుట్టు బయటపడుతుందని విశ్వనాథం దుప్పట్లలో చుట్టించాడు. చీకటి పడ్డాక మొగుడూ పెళ్ళాం చెరో పక్కా పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగి ఆయాసపడుతూ పైకి చేర్చారు. చూసినవాళ్ళు అడ్డు తప్పుకుని నిలబడ్డారు. పాపం, ఏవో దాచుకుంటున్నారని జాలిపడ్డారు.

ఇక దొంగ దొరకాలి. సెల్లార్లో మీటింగు పెట్టారు. మధ్యాహ్నాలు కునుకు తీస్తాడు కాబట్టి తప్పంతా వాచ్‌మన్ చంద్రయ్యదేనని తేల్చారు. వచ్చే నెల నుంచి వేరేవాణ్ణి పెట్టుకోవాలన్నారు. విశ్వనాథం గబుక్కున లేచాడు. చంద్రయ్య మంచివాడని, అతన్ని ఏమీ అనొద్దని బతిమాలాడు. ఇల్లు గుల్లయినా పరాయివాడి కోసం ఎలా మాట్లాడుతున్నాడో చూడండని అందరూ మెచ్చుకున్నారు. వాచ్‌మన్ ఉద్యోగం మాత్రం పోయింది.

ఆ రోజు విశ్వనాథానికి అన్నం సయించలేదు. నిజం చెప్పేస్తే పోతుందని సూర్యకళ అంది. చెప్పాలనే అతనూ అనుకున్నాడు. కానీ ఇన్నాళ్ళూ అబద్ధమాడినవాడిగా అందరి ముందూ నిలబడటానికి మొహం చెల్లలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాడు.

రేపు రాగానే తలుపు తట్టాడు చంద్రయ్య. చేతిలో ఎర్రటి హెల్మెట్ ఉంది.

"దొరికింది సార్. మెట్ల కింద ఉండె."

హెల్మెట్ అద్దం మీద ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది. ఉప్పల్ రింగు రోడ్డు పక్కన వరసగా పేర్చి అమ్మే రకం. విశ్వనాథం దాన్ని అందుకున్నాడు. చంద్రయ్య చూపు అతని భుజం మీదుగా లోపలికి వెళ్ళి, ఫ్రిజ్ మీదున్న నల్ల హెల్మెట్ దగ్గర ఆగింది.

"మరి గది ఎవరిది సార్?"

విశ్వనాథానికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తప్పు నాదే చంద్రయ్యా అని, హెల్మెట్ డబ్బులు అతని చేతిలో పెట్టాడు. రెండు హెల్మెట్లూ రెండు చేతుల్లో పట్టుకుని కిందికి దిగాడు. సెల్లార్లో మహిపాల్ సుశీలమ్మగారితో సహా నలుగురిని పోగుచేసి సీసీ కెమెరాల గురించి మాట్లాడుతున్నాడు.

"నా హెల్మెట్ పోలేదు. అసలు మా ఇంట్లో ఏదీ పోలేదు" అన్నాడు విశ్వనాథం. "పోలీసు వచ్చింది పాస్‌పోర్టు కోసం. మేం మస్కట్ వెళ్తున్నాం. చంద్రయ్యని తీసేయకండి."

తిట్లకి సిద్ధపడి తల దించుకున్నాడు. సుశీలమ్మగారు మాత్రం, నేను మొదటే అడిగాను కదండీ అంది. మహిపాల్ దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

"చంద్రయ్య ఉంటడు తియ్యన్నా. మస్కట్‌ల ఏ ఏరియా? మా బావమరిది గాడ్నే ఉంటడు."

ఆ తర్వాత జరిగినది ఆపడం ఎవరి తరమూ కాలేదు. అబద్ధమాడి అందర్నీ హైరానా పెట్టినవాడికి కాదనే నోరు ఎక్కడిది? మహిపాల్ బావమరిదికి పచ్చి పులుసుకి చింతపండు నుంచి రోలు దాకా వచ్చాయి. సుశీలమ్మగారి రెండో చెల్లెలి తోటికోడలు మస్కట్‌లోనే ఉందని బయటపడింది. జాడీ వచ్చింది. విశ్వనాథం సూట్‌కేసులో ఒక్కొక్కటీ పెడుతూ తన చొక్కాలు ఒక్కొక్కటీ తీస్తూ వచ్చాడు. సూర్యకళ చీరల జోలికి వెళ్ళే ధైర్యం అతనికి లేదు.

ప్రయాణం రోజు, టాక్సీ కింద ఆగాక, చంద్రయ్య, అతని భార్య వెంకటనర్సమ్మ గుమ్మంలో నిలబడ్డారు. చంద్రయ్య చేతుల్లో బియ్యం సంచీలో కట్టిన పిండివంటల మూట ఉంది.

"మా తమ్ముడు కూడ మస్కట్‌లనే కూలి పని జేస్తడు సార్. ఇంటికి రాక మస్తు దినాలాయె. గరిజెలు జేసింది ఇది" అన్నాడు చంద్రయ్య. "జాగ లేకుంటే వద్దు సార్."

మిగతా మూటలన్నీ విశ్వనాథం మొహమాటానికి పుచ్చుకున్నాడు. ఇది మాత్రం తనే చేతులు చాచి అందుకున్నాడు. సూట్‌కేసు తెరిచి, అందులో తనవంటూ మిగిలిన లుంగీ, రెండు బనీన్లు తీసి మంచం మీద పడేసి, ఆ చోట్లో తీపి గరిజెల మూట జాగ్రత్తగా సర్దాడు.

చివరికి అపార్ట్‌మెంటు వాళ్ళ మాటే నిజమైంది. దొంగలు పడ్డ ఇంటివాడిలా విశ్వనాథం కట్టుబట్టలతో మస్కట్ బయల్దేరాడు.