ఉద్యోగుల సంబంధాలు

ఆదివారం పొద్దున ఏడున్నర బస్సుకు నంద్యాల వెళ్ళి, దీపాలు పెట్టే వేళకు ఆళ్ళగడ్డ తిరిగి రావాలి. కమలవల్లి అనుకున్నది అంతే. పెళ్ళయి ఇంకా నెల కాలేదు. కొత్త మెట్టెలు నడిచినప్పుడల్లా టిక్కుమంటాయి. ఆ చప్పుడు తనదేనని గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు నవ్వొస్తుంది. ఈ పొద్దున మాత్రం నవ్వు రాలేదు.

ఆమె బి.ఏ. చదివి ఆళ్ళగడ్డలో ఒక నూనె మిల్లులో టైపిస్టుగా చేస్తోంది. మిల్లు సంగతులు పనివాళ్ళకు, పనివాళ్ళ సంగతులు మిల్లుకు తెలియాలని నెలకోసారి 'మిల్లు ముచ్చట్లు' అని నాలుగు పేజీల పత్రిక సైక్లోస్టైల్ చేసి పంచుతుంది. మేనేజరు రామలింగయ్య దృష్టిలో అది కాగితం దండగ. అంతలో నంద్యాల నుంచి కార్డు వచ్చింది. మిల్లుల్లో, బ్యాంకుల్లో, బస్సు డిపోల్లో ఇలాంటి పత్రికలు నడిపేవాళ్ళంతా ఒకచోట కలిసి పరిచయాలు చేసుకుంటారట.

"పోయిరామ్మా," అన్నాడు రామలింగయ్య. "ఆడ పెద్దోళ్ళు ఎవరన్నా నీ పత్రిక మంచిదని రాసిస్తే నడుపుదాం. లేకుంటే మూసేసి నిన్ను బేతంచెర్ల బ్రాంచికి పంపుతా. ఆడ టైపిస్టు లేక అల్లాడతాండారు."

బేతంచెర్ల రోజూ పోయి వచ్చే దూరం కాదు. భర్త శేషాద్రి ఆళ్ళగడ్డలోనే లెక్కల అయ్యవారు. వారానికోసారి కనిపించే మొగుడితో కాపురమేమిటి? ఆయన కాఫీలో చక్కెర రెండు చెంచాలా, రెండున్నరా అన్నది కూడా ఇంకా తేలలేదు.

ముందురోజే ముప్పై కాపీలు పసుపు గుడ్డలో మూట కట్టి గూట్లో పెట్టింది. పక్కనే కార్డు కూడా పెట్టింది. ఆమె చేసిన తప్పు అదొక్కటే. ఆ కార్డు మీద ఇలా ఉంది: 'ఉద్యోగుల సంబంధాల పరిచయ సదస్సు. స్థలం: కల్యాణ మండపం. తమ తమ వివరాలతో రావలెను.'

అత్తగారు శ్రీరంగమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. ఉద్యోగులు. సంబంధాలు. కల్యాణ మండపం. ఇంత మంచి సంగతి కోడలు తనతో చెప్పలేదంటే పాపం, కొత్తపిల్ల, సిగ్గు. అహోబిలంలో ఆమె తమ్ముడికి పెళ్ళీడు కూతుళ్ళు ఇద్దరున్నారు. మూట విప్పి చూస్తే ఏవో మిల్లు కాగితాలు. వాటిని తీసి బియ్యం డబ్బా మీద పెట్టి, వాటి చోట తన దగ్గరున్న మేనకోడళ్ళ జాతకాలు పెట్టింది. తర్వాత ఎదురింటి కన్యకమ్మతో ఒక మాట అన్నది. కన్యకమ్మది అంగడి. ఆమెతో అన్నమాట బజారంతటితో అన్నట్టే. పొద్దుగూకే లోపల ఇంటింటి నుంచీ వచ్చిన జాతకాలతో మూట మళ్ళీ మునుపటంత లావైంది.

ఇదేమీ ఎరగని కమలవల్లి మూట ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంది. పక్కన కూర్చున్న ఓబులమ్మ అనే ఆవిడ, దొర్నిపాడులో తన చెల్లెలి కూతురుందని, పది పాసయిందని, కొంచెం గుర్తు పెట్టుకోమని అడిగింది. మిల్లులో పని కోసమేమో అనుకుంది కమలవల్లి.

"మేనేజరు గారితో చెప్పి చూస్తానండి."

"మేనేజరా?" ఓబులమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అంత పెద్ద సంబంధం మాకు యాడ అబ్బుతాదమ్మా!"

శిరివెళ్ళ దాటినా ఆ మాట కమలవల్లికి అర్థం కాలేదు.

మండపంలో పాతికమంది ఉన్నారు. ఒక్కొక్కరి మధ్య రెండేసి ఖాళీ కుర్చీలు. అధ్యక్షుడు వరదరాజులు బ్యాంకు అధికారి, కళ్ళద్దాల మీదుగా చూసే మనిషి. పరిచయాలు చేసుకోమంటే అందరూ లేచి పేరు చెప్పి కూర్చున్నారు. అయిదు నిమిషాల్లో పరిచయాలు అయిపోయాయి. తర్వాత ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పత్రికలు పంచమన్నారు. కమలవల్లి అధ్యక్షుడి మీదే కళ్ళుంచి మూట విప్పి, చూడకుండానే ముందు వరుసకు అందించింది.

వరదరాజులు తన కాగితం పైకి చదివాడు. "మృగశిర నక్షత్రం. చామనఛాయ. వంట బాగా చేయును." కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఏందమ్మా ఇది? మీ మిల్లులో పనివాళ్ళను ఇట్ల చేర్చుకుంటారా?"

ఆమె కళ్ళ ముందు బేతంచెర్ల బస్సు వచ్చి ఆగింది. ఆ కాగితం చేతికి అందుకునేలోగా వాకిట్లో కలకలం. రెండో బస్సులో వచ్చిన కన్యకమ్మ, పట్టుచీర కట్టిన ఆమె కూతురు, వెనక ఇంకో రెండు కుటుంబాలు. వాళ్ళందరినీ తోసుకుంటూ, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, శేషాద్రి. కూరగాయలకని బజారుకు పోతే ఎవరో, "మీ ఇంటామె సంబంధాలు చూసుకోను పోయిందంటనే, అయ్యవారూ" అన్నారట.

"మీరు ఏ డిపో?" అన్నాడు వరదరాజులు.

"డిపో కాదు సార్. ఈమె మొగున్ని. నెల గూడా కాలే."

పాతికమందీ ఒక్కసారి నవ్వారు. కమలవల్లి మాత్రం, అత్తగారు మూటలో జాతకాలు పెట్టిన సంగతి కన్యకమ్మ నోట విని, కార్డు తీసి జరిగినదంతా చెప్పింది. చెప్పడం పూర్తి కాకముందే నూలు మిల్లు ఆయన లేచి, ఆ మృగశిర పిల్లది ఏ ఊరని అడిగాడు. ఆయన తమ్ముడు బస్సు డిపోలో గుమాస్తానట. డిపో ఆయన తన కుర్చీ ఇటు లాక్కున్నాడు. మధ్యలోని ఖాళీ కుర్చీలు ఒక్కటొక్కటే కన్యకమ్మ వాళ్ళతో నిండాయి. భోజనాల వేళకు అందరికీ అందరి ఊళ్ళు, గోత్రాలు, పత్రికల కష్టాలు తెలిసిపోయాయి.

వరదరాజులు ఒక జాతకం మడిచి జేబులో పెట్టుకుని, రామలింగయ్యకు ఉత్తరం రాశాడు. 'మూడేళ్ళుగా ఈ సభ జరుపుతున్నాము. మనుషులు మాట్లాడుకున్నది ఈసారే. మీ పత్రిక ఆపవద్దు.' ఆ పత్రికను ఆయన కంటితో చూడనేలేదు.

బస్టాండులో శేషాద్రి కాఫీ తాగాడు. చక్కెర మూడు చెంచాలు. కమలవల్లికి పొద్దుటినుంచీ రాని నవ్వు అప్పుడొచ్చింది.

సోమవారం రామలింగయ్య ఉత్తరం రెండుసార్లు చదివాడు. నంద్యాలలో జరిగింది బజారు ద్వారా అప్పటికే ఆయన చెవిన పడింది. లేచి గది తలుపు మూశాడు. బేతంచెర్ల మాట ఎత్తుతాడేమోనని కమలవల్లి బల్ల అంచు పట్టుకుంది.

"అమ్మా," అన్నాడాయన గొంతు తగ్గించి, "వచ్చే పత్రికలో యాడన్నా కొంచెం చోటుందా?"

ఆ నెల 'మిల్లు ముచ్చట్లు'లో నూనె ఉత్పత్తి వివరాలు నాలుగో పేజీకి జరిగాయి. మొదటి పేజీలో మేనేజరుగారి రెండో అమ్మాయి వివరాలు పడ్డాయి.