కోళ్లక్క పెట్టెకు వారసులు

ఆ ఉదయం కోళ్లక్క అనుకున్నది చాలా చిన్న పని. ఇంట్లో కరెంటు పోయింది కాబట్టి, గుడ్లు పొదిగే పెట్టెను బస్సులో చెల్లెలి ఇంటికి చేర్చి అక్కడి ప్లగ్గుకు తగిలించాలి. తెగులొచ్చి కోళ్లన్నీ పోయాక మిగిలిన ఒక్కగానొక్క పెట్ట పెట్టిన గుడ్లవి. అవి పిల్లలైతేనే ఆమె మళ్లీ కోళ్లక్క, కాకపోతే ఉత్త అక్క.

పెట్టెను ఆమె మరిది తయారు చేశాడు. పాత రేడియో డబ్బా, అందులో ఒక బల్బు, స్కూటరు బ్యాటరీ, రంగురంగుల వైర్లు, వేడి ఎక్కువైతే టక్కుమని బల్బును ఆర్పేసే మీట. ఆమె దానికి దుప్పటి చుట్టి బస్టాండుకు తెచ్చింది. టికెట్ల వరుసలో తోపులాట చూసి, గుడ్లు కదిలిపోతాయని భయపడి, పెట్టెను ఎండ పడే బెంచీ మీద ఉంచింది. వెనక గోడ మీద హోంమంత్రి నిలువెత్తు బొమ్మ ఉన్న సంగతి ఆమె పట్టించుకోలేదు.

పెట్టె టక్కుమంది. పక్కనున్న పెద్దాయన దుప్పటి ఎత్తి చూసి పెట్టిన కేకకు బస్టాండు ఖాళీ అయిపోయింది. కోళ్లక్క ఆ జనంలో పడి రోడ్డు అవతలికి కొట్టుకుపోయింది. తేరుకునేసరికి పోలీసులు బస్టాండు చుట్టూ తాడు కట్టేశారు.

"సార్, అది నా పెట్టె. అందులో గుడ్లున్నాయి."

"గుడ్లకి వైర్లెందుకమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"వెచ్చగా ఉండాలి కద సార్! ఇవాళే పిల్లలయ్యేది. బ్యాటరీ అయిపోతే అన్నీ పోతాయి."

ఇన్‌స్పెక్టర్ నమ్మాడు. పైవాళ్లకు చెబుదామని ఫోను కూడా తీశాడు. అంతలో ఎదురుగా ఉన్న మంగలి షాపు టీవీలో హోంమంత్రి ప్రత్యక్షమయ్యాడు.

ఎన్నికలు దగ్గర పడ్డాయి. కట్టిస్తానన్న ఆసుపత్రి ఏదని జనం నిలదీస్తుంటే మొహం చాటేసి తిరుగుతున్న మనిషికి ఒక్కసారిగా కళ వచ్చింది. "నా బొమ్మ కిందే బాంబు పెట్టారంటే గురి నేనే! నేను లేకపోతే మీకు దిక్కెవరు?" అని గుండె మీద చెయ్యేసుకున్నాడు. ఆసుపత్రి గురించి అడగబోయిన విలేకరిని, "ఇలాంటప్పుడు ఆసుపత్రా? అసలు నువ్వెవరి వైపు?" అని కసిరాడు.

కోళ్లక్కకు ఒళ్లు మండింది. "ఆయనకి చెప్పండి సార్!"

"బాంబని ఆయన చెప్పేశాక గుడ్లని నేనెలా చెప్పనమ్మా?"

కాసేపటికి కొండల్లోని తీవ్రవాద ముఠా నుంచి ప్రకటన వచ్చింది. జనం ఆ ముఠాను మరిచిపోయి చాలా కాలమైంది. చేరేవాళ్లు లేరు, చందాలిచ్చేవాళ్లు లేరు. "ఆ బాంబు పెట్టింది మేమే. మా పని అయిపోయిందన్నవాళ్లకి ఇదే జవాబు" అని వాళ్లు ప్రకటించుకున్నారు. "చూశారా, వాళ్లే ఒప్పుకున్నారు!" అన్నాడు మంత్రి. "చూశారా, మంత్రి వణికిపోతున్నాడు!" అంది ముఠా.

"మా మరిది బల్బు బిగించేటప్పుడు వీళ్లలో ఒక్కడైనా వచ్చి స్క్రూడ్రైవర్ అందించాడా? నా పెట్టెకి ఇంతమంది వారసులా!" అని కోళ్లక్క వీధంతా వినబడేలా అరిచింది.

"మెల్లగా తల్లీ! ముఠా మనిషివని నిన్ను లోపలేస్తారు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"వెయ్యమనండి. నా గుడ్లతో పాటు వెయ్యమనండి!"

మంత్రి కెమెరాలతో సహా దిగాడు. దూది బస్తాలాంటి దుస్తులు వేసుకున్న బాంబుల నిపుణుడు పెట్టె దగ్గరికి వెళ్లి మూత ఎత్తాడు. ఇన్‌స్పెక్టర్ చేతిలోని వైర్‌లెస్‌లో అతని మాట వినిపించింది. "సార్, కోడిపిల్లలు." వెనకే కిచకిచలు. ఆ వెంటనే పైనుంచి జవాబు: "కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి. పేల్చెయ్."

కోళ్లక్క తాడు దాటి పరుగెత్తబోతే ఇద్దరు పోలీసులు రెక్కలు పట్టి ఆపేశారు. నిపుణుడు కెమెరాలకు వీపు తిప్పి వంగి, చాలాసేపు ఏదో సర్దాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని పొట్ట ఇందాకటి కంటే లావుగా ఉంది. వెనక పెట్టె పేలింది. దాంతో పాటు బెంచీ, టికెట్ల కిటికీ కూడా ఎగిరిపోయాయి. మంత్రి చప్పట్లు కొట్టాడు.

ఏడుస్తూ కూలబడ్డ కోళ్లక్కను నిపుణుడు వ్యాను వెనక్కి పిలిచి, దుస్తుల జిప్పు తీసి, కోడిపిల్లల్ని, ఇంకా పగలని గుడ్లని ఆమె కొంగులో పెట్టాడు. "ఆగక్కా, చేతి తొడుగులో ఇంకోటుంది."

"ఖాళీ పెట్టెని ఎందుకు పేల్చావయ్యా?"

"వాళ్లకి కావలసింది చప్పుడే కదక్కా."

ఆ ఎన్నికల్లో మంత్రి బ్రహ్మాండంగా గెలిచాడు. కొండల్లో ముఠాకు కొత్తవాళ్లు బారులు తీరారు. కాలిపోయిన బెంచీ ఫొటో ఇద్దరి గోడల మీదా వేలాడింది. కోడిపిల్లల్ని మాత్రం ఇద్దరిలో ఎవరూ తమవని చెప్పుకోలేదు.