పిండక్క పది గోళ్లు

ఆ రోజుకి పిండక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లారుజామునే బేకరీకి వెళ్లి బ్రెడ్డుకు పిండి కలిపి, తొట్టిలో పొంగడానికి పెట్టాలి. ఆరింటికి వెనక సందులోని ఇంటికొచ్చి కోడలి చేత గోళ్లు అతికించుకోవాలి. ఎనిమిదింటికి ఫొటో. ఎనిమిదిన్నరకు ఆ గోళ్లు తీసి డబ్బాలో పడేసి, తొమ్మిదింటికి పొంగిన పిండిని ముద్దలు చెయ్యాలి. ఇందులో చిక్కుపడడానికి ఏముంది? ఏమీ లేదు. చిక్కులన్నీ ఇలాంటి పథకాలనే వెతుక్కుంటూ వస్తాయని ఆమెకు అప్పటికి తెలియదు.

బేకరీలో అట్టపెట్టెలు మారుస్తున్నారు. కొత్త పెట్టె మీద పిండి కలుపుతున్న రెండు చేతుల బొమ్మ వేయించి, కింద "అంతా ఈ చేతుల్లోనే ఉంది" అని రాయిద్దామని ఓనరుకు ఆలోచన వచ్చింది. పిండక్క అక్కడ పిండి కలపబట్టి ఇరవై రెండేళ్లు. ఆమె అసలు పేరు జీతాల పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆమె పనిచేసే గదికీ ముందున్న కౌంటరుకీ మధ్య నడుమెత్తు తలుపు ఒకటి ఉంది. ఆ తలుపు వెనక నిలబడి ఆమె ఒకే మాట వేలసార్లు విన్నది. "మీ చేతిలో ఏదో ఉందమ్మా, ఇంత మెత్తగా ఎక్కడా దొరకదు." కొనేవాళ్లు ఆ మాట అనేది కౌంటరమ్మతో, అంటే ఓనరు భార్యతో. ఆవిడ అబద్ధమేమీ చెప్పేది కాదు. నవ్వేసి చిల్లర తిరిగిచ్చేది. ఆ నవ్వే పిండక్క గొంతులో ఇన్నేళ్లుగా చేపముల్లులా అడ్డం పడి ఉంది.

అందుకే ముందురోజు ఓనరు "రేపు ఫొటోకి నువ్వే రావాలక్కా" అన్నప్పుడు ఆమె కాసేపు పిండి కలపడం మరిచిపోయింది.

"రానివ్వండి, నాకేం?" అంది కౌంటరమ్మ, తలుపు మీద మోచేతులు ఆనించి. "కానీ ఆ గోళ్లు చూశారా? కొరుక్కుతిన్నట్టున్నాయి. పెట్టె చూస్తే ఆకలి పుట్టాలి గానీ ఉన్న ఆకలి చావకూడదు. మరీ బాగోకపోతే నా చేతులున్నాయిగా."

"అదీ నిజమే" అన్నాడు ఓనరు. ఆయనకు భార్య చెప్పినవన్నీ నిజాలే.

పిండక్క ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని సంగతంతా కోడలికి చెప్పింది. కోడలు బ్యాంకులో పనిచేస్తుంది, దేనికైనా ఆవిడ దగ్గర ఒక ప్యాకెట్టు ఉంటుంది. దీనికీ ఉంది. పొద్దున ఆరింటికల్లా మంచం మీద తువ్వాలు పరిచి, సరంజామా అంతా వరసగా పెట్టింది. చిన్నా పెద్దా కలిపి ఇరవై నాలుగు గోళ్లు, అగ్గిపుల్లంత ఆకురాయి, ఒక చెక్కపుల్ల, రెండువైపులా అంటుకునే స్టిక్కర్లు, చిటికెన వేలంత జిగురు ట్యూబు.

"చెయ్యి ఇటివ్వండి అత్తయ్యా. అబ్బ, ఈ జిడ్డు చూసి సబ్బే సిగ్గుపడుతోంది."

"ఇరవై రెండేళ్ల వెన్నమ్మా అది. ఒక్క పూటలో పోమంటే పోతుందా?"

"జిడ్డుంటే అంటుకోవు మరి." కోడలు మందువాసన వేసే దూదితో ఒక్కో గోరూ తుడిచింది. ఆకురాయితో పైపైన రుద్దింది. చెక్కపుల్లతో గోరు మొదట్లోని చర్మాన్ని వెనక్కి నెట్టింది. ఏ వేలికి ఏ సైజో పక్కన పెట్టి చూసింది. "గంట పనికి జిగురెందుకు? స్టిక్కర్లు చాలు. తీసేటప్పుడు సులువు." ఒక్కో గోరునూ మొదలు నుంచి చివరిదాకా నొక్కిపట్టి ముప్పై దాకా లెక్కపెట్టింది. ఎడమచెయ్యి పూర్తయింది.

"మిగతా స్టిక్కర్లేవి?"

ఇద్దరూ వెతికారు. పిండక్క లేచి నిలబడింది. స్టిక్కర్ల కాగితం ఆమె చీరకు వెనక అంటుకుని ఉంది.

"కూర్చునేముందు కాస్త చూసుకోవాలి కదా అత్తయ్యా!"

"కుర్చీ చూసుకుని కూర్చుంటాం గానీ మంచం చూసుకుని ఎవరు కూర్చుంటారే?"

కుడిచేతికి జిగురు తప్పలేదు. పదిగోళ్లూ పూర్తయ్యాక పిండక్క చేతులు చాపి చూసుకుంది. గులాబీరంగులో నున్నగా మెరుస్తున్నాయి. ఎవరివో చేతులు కాసేపు అడిగి తెచ్చుకున్నట్టుంది. తలుపు గడియ తీయడానికి రెండుసార్లు ప్రయత్నించి, చివరికి మోచేత్తో తీసుకుని బయటపడింది.

ఎనిమిదయింది. ఫొటోగ్రాఫరు రాలేదు. ఎనిమిదింబావు అయింది. ఆ రోజు ఎండ పొద్దున్నే మొదలైంది, గది కొలిమిలా ఉంది. తొమ్మిదింటికి పొంగాల్సిన పిండి ఎనిమిదింబావుకే తొట్టి అంచు దాటి, మూత ఎత్తుకుని తొంగిచూసింది. పిండక్క చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది. పొంగిన పిండిని చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు. గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డ పక్కన ఊరికే కూర్చోమన్నట్టుంటుంది. మనసు వద్దంటూనే ఉంది. అది వద్దనే లోపలే ఎడమచెయ్యి పిడికిలి బిగించుకుని పిండిలోకి మణికట్టు దాకా దిగిపోయింది.

చెయ్యి బయటికి వచ్చింది. గోళ్లు రెండే వచ్చాయి.

మళ్లీ చెయ్యి పెట్టి దేవింది. ఒకటి దొరికింది, రెండోదీ దొరికింది. ఉంగరం వేలిది మాత్రం దొరకలేదు. సరిగ్గా అప్పుడే ముందునుంచి ఓనరు కేక వేశాడు. "అక్కా! ఫొటో ఆయన వచ్చాడు, రా!"

ఎడమచేతిని కొంగులో దాచుకుని వెళ్లింది. ఫొటోగ్రాఫరు ఆమె కుడిచేతిని కిటికీ దగ్గర పెట్టి చూశాడు, గుమ్మం దగ్గర పెట్టి చూశాడు, దీపాలు బిగించాడు, విప్పాడు, మళ్లీ బిగించాడు. రెండో చెయ్యి అడిగినప్పుడల్లా పిండక్క దగ్గు వచ్చినట్టు దగ్గింది. అలా గంట గడిచింది.

లోపల కౌంటరమ్మకు తొట్టి కనిపించింది. ఈ రోజు పిండక్కకు తీరిక లేదు గదా, సాయం చేద్దామనుకుంది. ఆ ఆలోచన ఆవిడకు ఏడాదికొకసారి వస్తుంది. ఈ ఏడాదికి ఈ రోజు వచ్చింది. ముద్దలు చేసి, అచ్చుల్లో వేసి, ముప్పై రెండు బ్రెడ్లు పొయ్యిలోకి తోసింది. పిండక్క ఎలాగో తప్పించుకుని లోపలికి వచ్చేసరికి తొట్టి ఖాళీగా ఉంది. బల్ల మీద బ్రెడ్లు ఎర్రగా కాలి పొగలు కక్కుతున్నాయి.

ఆమె వాటి ముందు నిలబడిపోయింది. మాట్లాడకపోతే ఫొటో తనదే. పెట్టె మీద చేతులు తనవే. ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట, కొరికిన ముద్దను ఆపి నోట్లో వేలు పెట్టుకుంటారు. ఆ ఎవరో పసిబిడ్డ కావచ్చు. ఇన్నేళ్లలో తన చేతి బ్రెడ్డు తిని ఎవరూ ఊసెయ్యలేదు. పేరు ఎవరికి వచ్చినా, ఆ ఒక్కటీ మాత్రం ఆమె సొంతం.

"ఓనరుగారూ" అంది. "ఒక గోరు పిండిలో పోయింది."

ఓనరు ముందు ఆమె వేళ్ల వంక చూశాడు, తర్వాత బ్రెడ్ల వంక చూశాడు. తర్వాత కుర్చీ కోసం చూశాడు. "ఏ బ్రెడ్డులో?"

"అది తెలిస్తే నేనే తీసేద్దును కదా."

ఇక మొదలైంది. ఓనరు కత్తి పట్టాడు, కౌంటరమ్మ కత్తి పట్టింది. ఒక్కో బ్రెడ్డునూ అట్టంత పలచగా కోసి, ముక్క ముక్కనూ వెలుతురుకు పట్టి చూశారు. ఫొటోగ్రాఫరు ఇదేదో ఈ బేకరీ పద్ధతి కాబోలనుకుని రెండు ఫొటోలు తీసుకున్నాడు. ముప్పై ఒకటి కోశారు. గోరు లేదు.

"ముప్పై రెండు కదా వేశావు?" అన్నాడు ఓనరు.

కౌంటరమ్మ చేతిలోని కత్తి కింద పెట్టింది. "ఒకటి పళ్లడాక్టరు పట్టుకెళ్లాడండీ. వేడివేడిగా కావాలన్నాడు."

"పోయి పోయి ఆయనకే ఇచ్చావా!"

ఓనరు ఏప్రనుతోనే పరుగెత్తాడు. డాక్టరు రోగిని కుర్చీలో నోరు తెరిపించి కూర్చోబెట్టి, పక్కనే నిలబడి బ్రెడ్డు తింటున్నాడు. సగం అయిపోయింది. మిగిలిన సగాన్ని పళ్లు చూసే దీపం కింద పెట్టి, కంటికి అద్దం తగిలించుకుని గాలించాడు. గోరు లేదు. "తిన్నంతలో ఉంటే నా పళ్లకు తెలిసేది. వాటి సంగతి నాకు తెలీదా? అయినా గోరెందుకు వేశారండీ ఇందులో?" అన్నాడు. నోరు తెరుచుకున్న రోగి కూడా ఏదో అడిగాడు గానీ ఎవరికీ అర్థం కాలేదు.

ఓనరు ఒగరుస్తూ తిరిగొచ్చేసరికి బ్యాంకుకు బయల్దేరిన కోడలు బేకరీ గుమ్మంలో నిలబడి ఉంది. అరచేతిలో గులాబీరంగు గోరు ఒకటి మెరుస్తోంది.

"ఇది ఇంట్లో తువ్వాలు మీదే ఊడిపోయింది అత్తయ్యా. తొమ్మిది గోళ్లతోనే వచ్చేశారు. ఫొటోకి కావాలేమోనని తెచ్చా."

ముప్పై ఒక్క బ్రెడ్లు ముక్కలు ముక్కలుగా బల్లనిండా పడి ఉన్నాయి. పదకొండింటికి కొనేవాళ్లు వస్తారు.

"మళ్లీ కలపాలి" అన్నాడు ఓనరు.

"ఈ చేత్తోనా?" పిండక్క కుడిచెయ్యి చూపించింది. అయిదు గోళ్లూ కొత్తగా పెళ్లయినవాళ్లలా వేళ్లను వదలడం లేదు. "దీంతో కలిపితే ఇంకో అయిదు వెతుక్కోవాలి."

"లాగేద్దాం."

"లాగారంటే అత్తయ్య సొంత గోళ్లు కూడా పొరలుగా లేచొస్తాయి!" కోడలు గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి, సబ్బు కలిపి, నాలుగు చుక్కల నూనె వేసింది. "చెయ్యి ఇందులో పెట్టుకుని కూర్చోండి. బాగా నానాక, పక్కనుంచి పుల్లతో మెల్లిగా ఎత్తండి. కదలకపోతే మళ్లీ నానబెట్టండి, అంతేగానీ పీకకండి. నాకు బస్సు టైమైంది." వెళ్లిపోయింది.

కౌంటరమ్మ తన చేతుల వంక చూసుకుని, కౌంటరు దగ్గర ఎవరో పిలిచినట్టు వెళ్లిపోయింది. ఎవరూ పిలవలేదు. ఇక మిగిలింది ఓనరు.

ఆయన చొక్కా చేతులు మడిచి పిండిలోకి దిగాడు. పిండక్క స్టూలు మీద కూర్చుంది, చెయ్యి గిన్నెలో, కళ్లు తొట్టిలో.

"అరచేతి మడమతో నెట్టండి. వేళ్లతో గీరకండి, పిండికి దురదేం లేదు."

"ఇంకెంతసేపక్కా?"

"ఇప్పుడేగా మొదలెట్టారు."

కాసేపటికి ఆయన మెడ మీంచి చెమట కారింది. "రోజూ ఇంతసేపు కలుపుతావా?"

"రోజూ రెండు తొట్లు. పండగరోజైతే నాలుగు."

ఓనరు చేతులు ఆపి వాటి వంక చూసుకున్నాడు. వాటిని అలా చూసుకోవడం ఆయనకు అదే మొదటిసారి. పిండక్కకు ఆయన్ను చూస్తే జాలేసింది. తన మీద తనకు ఇన్నేళ్లలో అలా జాలి కలగలేదే అని కూడా అనిపించింది.

"ఆగండి! అలాగే ఉండండి!" అని అరిచాడు ఫొటోగ్రాఫరు. "ఆ చెమట, ఆ నరాలు! ఇవీ చేతులంటే!" నాలుగువైపుల నుంచి నలభై ఫొటోలు తీసుకున్నాడు. ఇంకోచోట పని ఉందంటూ దీపాలు విప్పేసుకున్నాడు. పిండక్క చెయ్యి ఇంకా నీళ్లలోనే ఉంది. మీ చెయ్యేదని ఆమెను ఎవరూ అడగలేదు.

గంట నానాక గోళ్లు ఒక్కొక్కటే లేచాయి. కింద ఆమె సొంత గోళ్లు తెల్లగా, గరుకుగా, ఉల్లిపొరంత పలచగా ఉన్నాయి. కాస్త వెన్న తీసి రాసుకుంది.

"గంటన్నరన్నా పొంగనివ్వండి" అని చెప్పిచూసింది.

"కొనేవాళ్లు గంటన్నర ఆగరక్కా" అని ఓనరు అరగంటకే పొయ్యిలోకి తోశాడు. ఆ రోజు అమ్మిన బ్రెడ్డు కిందపడితే చప్పుడైంది.

రెండువారాలకు పెట్టెలు వచ్చాయి. రెండువేలు. ఒక్కోదాని మీద ఓనరు చేతులు, వెంట్రుకలతో, నరాలతో, పిండిలో మణికట్టు దాకా. కింద ఎర్రటి అక్షరాల్లో "అంతా ఈ చేతుల్లోనే ఉంది." పిండక్క ఒక పెట్టెను తిప్పి చూసి పిండి దగ్గరికి వెళ్లిపోయింది.

మొదట వచ్చినవాడు పళ్లడాక్టరు. పెట్టెను తిప్పాడు, ఓనరు చేతుల వంక చూశాడు, మళ్లీ పెట్టె చూశాడు. "ఓహో, కలిపేది మీరేనన్నమాట. గోరు వెతికిన ఆ శుక్రవారం బ్రెడ్డు కూడా ఈ చేతులదేనా? ఆ సాయంత్రం నాకు మూడు కేసులొచ్చాయి."

వెనక నిలబడ్డ ఆవిడ డబ్బులు తీయబోతున్న చెయ్యి ఆపేసింది. "మా ఆయన కట్టుడు పన్ను ఊడింది ఆ రోజే! ఇవాళ కూడా ఈయనే చేశాడా? అయితే నాకొద్దు."

ఆమె వెనకావిడ కూడా బుట్టలోంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టేసింది. కౌంటరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. ఇది నవ్వేసి చిల్లర తిరిగిచ్చేస్తే తీరే సంగతి కాదు.

ఓనరు గొంతు సవరించుకున్నాడు. "అయ్యో, లేదు లేదు! అది ఆ ఒక్క పూటేనండీ. పెట్టె మీదవి నా చేతులు, అంతే. బ్రెడ్డు నాది కాదు. మొదట్నుంచీ కలిపేది ఆవిడే." నడుమెత్తు తలుపు పూర్తిగా తెరిచి పట్టుకున్నాడు. "అదిగో, ఆవిడే."

పిండక్క తలెత్తింది. కౌంటరు ముందున్న అందరూ ఆమె ముఖం కాదు, చేతులు చూస్తున్నారు. ఆమె వాటిని దాచుకోలేదు, పిండిలోంచి తీయనూ లేదు.

"అలా చెప్పండి మరి" అంటూ పళ్లడాక్టరు రెండు బ్రెడ్లు తీసుకున్నాడు.

రెండువేల పెట్టెలు అయిపోయేదాకా ఎవరు పెట్టె తిప్పి చూసినా ఓనరు తన చేతులు వెనక్కి పెట్టుకునే "బ్రెడ్డు నాది కాదండీ, ఆవిడది" అని జవాబు చెప్పాడు.