పద్దెనిమిది పేజీలు, ఒక ప్యాంటు

పళ్ళు తోముకుంటూనే హారతి ముగ్గురు పెద్ద అధికారులను మనసులో తూకం వేసింది. ముగ్గురూ బెంగళూరు నుంచి సండూరు గనులు చూడటానికి వస్తున్నారు. కార్లు మూడు. ఎవరి కారులో ఎక్కాలో ఇంటర్న్‌లే ఎంచుకోవచ్చని కంపెనీ పెద్ద మనసుతో సెలవిచ్చింది. రెండు నెలల ఇంటర్న్‌షిప్ శుక్రవారంతో సరి. ఈ ముగ్గురిలో ఒక్కరు మాట సాయం చేస్తే ఉద్యోగం. లేకపోతే కౌల్ బజారులో అమ్మ నడిపే జీన్స్ కుట్టు షాపులో గుండీలు కుట్టుకోవడమే.

హెచ్.ఆర్. మేడమ్ అందరినీ చూసి నవ్వుతుంది, ఎవరినీ గుర్తుంచుకోదు. ఫైనాన్స్ డైరెక్టరు కారెక్కితే నిద్రపోతాడు. మిగిలింది వైస్ ప్రెసిడెంట్ చిదానంద. ఆయన ప్రశ్నలు వేస్తాడని పేరు. గని గేటు దగ్గర లారీలు గంటల తరబడి ఎందుకు ఆగిపోతాయో నెల రోజులు ఎండలో నిలబడి చూసి, హారతి పద్దెనిమిది పేజీల రిపోర్టు రాసింది. దాన్ని చంకలో పెట్టుకుని ఆయన కారే ఎక్కింది.

దారి పొడుగునా ఆయన ఫోన్లోనే ఉన్నాడు. గని లోపల తిప్పి చూపించే జీపు దిగుతుంటే ఆయన ప్యాంటు తలుపు గడియకు తగులుకుని, వెనక జేబు నుంచి మోకాలి దాకా చిరిగిపోయింది. ఆయన కంగారుగా అటూ ఇటూ చూసి, చేతికందిన మొదటి వస్తువును లాక్కుని వెనక అడ్డం పెట్టుకున్నాడు. అది హారతి రిపోర్టు.

హారతికి ఒళ్ళు మండిపోయింది. అందులో రంగుల గ్రాఫులు కూడా ఉన్నాయి.

తిరుగు దారిలో గేటు దగ్గర లారీల వెనక కారు ఇరుక్కుపోయింది. అరగంట గడిచింది.

"ఏంది హులిగప్పా, ఈ లారీలు కదలవా?" అని చిదానంద డ్రైవరు మీద విసుక్కున్నాడు.

"దినామూ ఇంతే సార్. ఎందుకో నాకేం గొత్తు."

"అది రిపోర్టులో ఉండాది సార్," అంది హారతి.

"యా రిపోర్టు?"

"మీరు కూర్చున్నది సార్."

ఆయన అంగుళం కూడా కదల్లేదు. కదిలే స్థితిలో లేడు. "తర్వాత చూద్దాంలేమ్మా. నాలుగింటికి మీటింగుంది. ప్యాంటు కుట్టేవాళ్ళు యాడన్నా ఉండారా?"

నోరు అదుపులో ఉంటే కథ అక్కడితో అయిపోయేది. "మా అమ్మ కుడతాది సార్," అనేసింది హారతి.

కౌల్ బజారు సందులో ముందు కారు ఆగింది కాబట్టి వెనక రెండూ ఆగాయి. ఇది కూడా కార్యక్రమంలో ఉందనుకున్న ఫైనాన్స్ డైరెక్టరు నిద్ర లేచి వచ్చి రెండు జీన్స్ కుట్టమన్నాడు. నడుము ముప్పై నాలుగన్నాడు. చిదానంద ప్యాంటును ముందేసుకుని కూర్చున్న హారతి అమ్మ నాగలక్ష్మమ్మ, టేపు కూతురి చేతికిచ్చింది. టేపు నలభై చూపించింది. హారతి నలభై అని పైకి చదివింది. డైరెక్టరు మొహం మాడిపోయింది.

మెడలో టేపుతో నిలబడ్డ హారతిని చూసి హెచ్.ఆర్. మేడమ్ ఆప్యాయంగా నవ్వింది. "ఈ షాపులో ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నావమ్మా?"

ఇక హారతి ఆగలేకపోయింది. "నేను మీ ఇంటర్న్‌ను మేడమ్. ఈ బ్యాడ్జి మీద సంతకం మీదే. ఎంబీయే చదివినా, పద్దెనిమిది పేజీలు రాసినా. పొద్దున్నుంచి దాన్ని సార్ వెనకపక్క తప్ప ఎవురూ చూడలేదు."

కుట్టు మిషన్ ఆగింది. కటింగ్ మాస్టరు ఇచ్చిన లుంగీ కట్టుకుని స్టూలు మీద కూర్చున్న చిదానందను నాగలక్ష్మమ్మ కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"ఏమప్పా, నా బిడ్డ రాసింది చదవలేదా నువ్వు?"

"టైము లేదమ్మా. ప్యాంటు బేగ ఇస్తే..."

"నెల దినాలు ఎండలో మాడి రాసింది. నువ్వు కిందేసుకుని కూర్చున్నావు. నువ్వు చదివేదాకా నాకూ టైము లేదు." ప్యాంటు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

ఉద్యోగం గంగలో కలిసిందని హారతి నిశ్చయించుకుంది. చిదానంద గడియారం చూసుకుంటూ అయిదు పేజీలు తిప్పాడు. ఏడో పేజీ నుంచి గడియారం చూడటం మానేశాడు.

"గేట్లు రెండు, లారీల కాగితాల మీద ముద్ర వేసేవాడు ఒక్కడేనా?"

"ఒక్కడే సార్. ఆయప్ప అన్నానికి పోతే లారీలన్నీ నిలబడిపోతాయి."

"ఇంకో మనిషిని పెట్టమని మాకెవరూ చెప్పలేదే."

"పదకొండో పేజీలో చెప్పినా సార్."

పదకొండో పేజీ బాగా నలిగి ఉంది. ఆయన దాన్ని మోకాలి మీద సాపు చేసుకుని రెండుసార్లు చదివాడు. తర్వాత హెచ్.ఆర్. మేడమ్ వైపు తిరిగి, "ఈ పిల్లను పోనీయొద్దు. సోమవారం ఆర్డరు పంపండి," అన్నాడు.

"ఆ ఆర్డరు రానీప్పా, ప్యాంటు ఇస్తా," అంది నాగలక్ష్మమ్మ.

"మాటిచ్చినా కదమ్మా."

"ప్యాంటు కూడా యాడికీ పోదు."

వైస్ ప్రెసిడెంట్ గారు షాపులోని కొత్త జీన్స్ తొడుక్కుని మీటింగుకు వెళ్ళాడు. తన రిపోర్టుకు రావలసిన ఉద్యోగాన్ని ప్యాంటు తాకట్టు పెట్టుకుని ఇప్పించినందుకు హారతి సోమవారం దాకా అమ్మతో మాట్లాడలేదు.

సోమవారం ఆర్డరు వచ్చింది. చేరే రోజు వెంట తేవలసిన వాటి జాబితా అడుగున ఉంది: ఒకటి, డిగ్రీ సర్టిఫికెట్లు. రెండు, ఆధార్ కార్డు. మూడు, ప్యాంటు.