పింగాణీ ముక్క మీద నింద

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. కళ్ళ డాక్టరమ్మ వస్తుంది, మైక్రోస్కోపు కింద ఒక కణాన్ని కదలకుండా చూపించాలి, ఆవిడ బాగుందనాలి. ఆవిడ అలా అంటే పింగాణమ్మ ఇన్నాళ్ళ కష్టం ఆసుపత్రికి చేరుతుంది. అనకపోతే అటకెక్కుతుంది.

పింగాణమ్మ అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. ఆమె చేసిన పరికరంలో పళ్ళచక్రాలు లేవు, మరలు లేవు. వేలిగోరంత పింగాణీ ముక్క, దాని మీద గాజు పలక, పలక మీద కణం. వోల్టేజి పెంచితే ముక్క సాగుతుంది, తగ్గిస్తే ముడుచుకుంటుంది. వెంట్రుక మందంలో వెయ్యోవంతు జరగమన్నా జరుగుతుంది. ఆగమన్నాక కూడా పిల్లి అడుగులతో కాస్త జారడం ఒక్కటే దాని దుర్గుణం. అందుకే పక్కన సెన్సరును కాపలా పెట్టింది. ముక్క ఏమాత్రం జారినా అది చెవి మెలిపెట్టి వెనక్కి లాక్కొస్తుంది.

డైరెక్టరుగారు, అందరికీ పెద్దసారు, ముందే వచ్చి కుర్చీ లాక్కుని, మైక్రోస్కోపు ఉన్న బల్ల కింది కమ్మీకి కాలు ఆనించి కూర్చున్నాడు. తెర మీద సెన్సరు గీత తిన్నగానే ఉంది. పక్క తెర మీద కణం మాత్రం గంతులేస్తోంది.

"ఏంటమ్మా, నీ ముక్కకి చలిజ్వరమా?"

"ముక్క కదల్లేదు సార్, గీత చూడండి. ఊగేది ఇంకేదో."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ఆ పళ్ళచక్రాల పాతదే బిగించు."

"బిగించను సార్."

ఆ గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆమెకే అప్పటిదాకా తెలియదు. "ఊగేదేదో తేలాలి. అప్పటిదాకా నేనూ కదలను, ముక్కా కదలదు."

ఫ్యాను ఆపారు, ఏసీ ఆపారు. పెద్దసారుకు ఆదుర్దా పెరిగింది. కణం గంతులూ పెరిగాయి. పక్కగదిలో ఇనుము చెక్కే లేతు ఆపించారు.

"సగం తిరిగిన ఇరుసమ్మా, ఇప్పుడాపితే గాటు పడుద్ది!" అన్నాడు మేస్త్రి.

"కాసేపే బాబాయ్."

లిఫ్టు కూడా ఆపించారు. లోపల అకౌంటెంటు ఉన్న సంగతి తలుపు బాదుడు వినిపించాకే తెలిసింది. సంగతేమిటని పరుగెత్తుకొచ్చిన వాచ్‌మన్‌ మీద పెద్దసారు అరిచాడు: "బిల్డింగ్ ఊగుతోందయ్యా! ఊగేదేంటో వెతుకుతున్నాం!"

వాచ్‌మన్‌ మొదటి మాట దగ్గరే వెనుదిరిగాడు. పై అంతస్తులో ఊగిన భవనం, అతను కింద మెట్టు చేరేసరికి అతని నోట్లో కూలిపోతోంది. అందరూ మెట్ల వెంట పరుగులు తీశారు. అందరికంటే ముందు బయటపడింది మేస్త్రి. ఒకావిడ ప్రాణంతోపాటు తన కుర్చీని కూడా కాపాడుకుంది.

"ఒరేయ్, నేనిక్కడున్నానురా!" అని లిఫ్టు అరిచింది. ఎవరూ ఆగలేదు.

ఆ జనానికి ఎదురీదుతూ డాక్టరమ్మ లోపలికొచ్చింది. "అందరూ బయటుంటే మీరిద్దరూ ఇక్కడేం చేస్తున్నారు?"

"కదలకుండా చూపిస్తామన్నాం కదండీ," అంది పింగాణమ్మ.

భవనం చడీచప్పుడు లేకుండా పడి ఉంది. కణం మాత్రం మునుపటికంటే హుషారుగా ఎగురుతోంది.

"ఇంక ఆపడానికేం మిగల్లేదు. పీకెయ్ ఆ ముక్క!" అన్నాడు పెద్దసారు.

పింగాణమ్మ గది నలుమూలలా చూసింది. పైకి చూసింది, కిందికి చూసింది. అక్కడే ఆగిపోయింది.

"ఇంకొకటి మిగిలింది సార్. మీ కాలు."

"నా కాలా?"

"కమ్మీ మీద పెట్టి ఊపుతున్నారు. తీయండి."

"నేనీ సంస్థకి డైరెక్టర్ని!"

"ముక్కకి ఆ సంగతి తెలీదు సార్."

పెద్దసారు కాలు దించాడు. గోడకు కొట్టిన మేకులా కణం నిలబడిపోయింది.

డాక్టరమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. "ఇది మాకు కావాలి. దీంతోపాటు మీరూ ఒకసారి ఆసుపత్రికి రావాలమ్మా. మా పెద్ద డాక్టరుగారికీ కాలూపే అలవాటుంది. మేం ఇప్పటికి మూడు మైక్రోస్కోపులు మార్చాం."

ఇంతకీ ఆ ఉదయం కదలకుండా ఉన్నది ముగ్గురే: పింగాణీ ముక్క, పింగాణమ్మ, లిఫ్టులో అకౌంటెంటు.