మొదటి గుడ్డుకు పళ్ళ తొడుగు

గుడ్ ఫ్రైడే ఉదయం నెవెంక వేసుకున్న పథకం చిన్నది. పళ్ళ తొడుగును పావుగంట గ్లాసుడు వెనిగర్ నీళ్ళలో నానబెట్టాలి. ఆలోగా తలస్నానం చేయాలి. తొడుగు కడిగి పెట్టుకుని, వల్యేవో రేడియోలో పది గంటల వార్తలు చదవాలి.

ముందు పళ్ళ మధ్య సందు వల్ల ఆమె ‘స’ పలికినప్పుడల్లా మైకులో ఈల వినిపించేది. రెండేళ్ళు క్లిప్పులు పెట్టించుకుని ఆ సందు మూయించింది. క్లిప్పులు తీసిన రోజు, సందు మళ్ళీ తెరుచుకోకుండా డాక్టర్ ఓబ్రాద్ రెండు దారులు చెప్పాడు. పళ్ళ వెనక సన్నని తీగ అంటిస్తే మరచిపోవచ్చు, కానీ దాని చుట్టూ శుభ్రం చేయడం కష్టం. తీసి పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగైతే కడగడం తేలిక, జాగ్రత్త మాత్రం మనదే.

"వేడినీళ్ళు తగలనివ్వకండి," అన్నాడు. నెవెంక తొడుగునే ఎంచుకుంది. నాలుగు నెలలుగా చల్లని నీళ్ళతోనే కడుగుతోంది.

ఆమె స్నానాల గదిలో ఉండగా అత్తగారు స్తానియా పొయ్యి మీద ఎర్రరంగు మరిగిస్తోంది. రంగులోంచి తీసిన మొదటి గుడ్డు ఇంటికి కాపలా. వచ్చే ఈస్టర్ దాకా దేవుడి పటం దగ్గర ఉంటుంది. రంగు పట్టాలంటే వెనిగర్ పోయాలి. గట్టు మీద గ్లాసు కనిపించింది. వాసన చూసింది. పన్నెండేళ్ళలో మొదటిసారి కోడలు తను అడక్కుండానే ఏదో సిద్ధం చేసిందని సంతోషించి, మొత్తం గిన్నెలో ఒంపేసింది. నీళ్ళలో పారదర్శకమైన తొడుగు ఆమెకు కనిపించలేదు.

"అమ్మాయీ, ఒకసారి ఇలా రా. గుడ్డుకి పళ్ళొచ్చాయి."

నెవెంక తల తుడుచుకుంటూ వచ్చింది. మరిగే రంగులో మెత్తబడిన తొడుగు గుడ్డును కరుచుకుని గట్టిపడింది. పద్నాలుగు పళ్ళు, ఎర్రగా.

"అత్తయ్యా, అది నాది."

"మరి గ్లాసులో ఎందుకేశావ్? గ్లాసు తాగడానికి."

"వెనిగర్ ఎవరు తాగుతారు?"

"మీ మామయ్య తాగేవాడు, రాకియా సారా అయిపోయినప్పుడు."

నెవెంక చాకు తీసింది. స్తానియా ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఇది మొదటి గుడ్డే. ఓ ఏడు మొదటి గుడ్డు చిట్లింది. ఆ ఏడే మీ మామయ్య పోయాడు."

నెవెంక చాకు పక్కన పెట్టి డాక్టర్‌కు ఫోన్ చేసింది.

"డాక్టరుగారూ, నా తొడుగు గుడ్డుకి పట్టేసింది."

"ఏ గుడ్డుకి?"

"మొదటి గుడ్డుకి."

"అయితే పగలగొట్టలేరు," అన్నాడు. "ఊడదీసినా పనికిరాదులెండి, ఆకారం పోయుంటుంది. బలవంతంగా పెట్టుకుంటే పళ్ళే జరుగుతాయి. మంగళవారం దాకా సెలవు. ఆ రోజు పొద్దున్నే వచ్చేయండి."

"అప్పటికి సందు తెరుచుకుంటుందా?"

"వెంట్రుకవాసి తెరుచుకోవచ్చు."

పది గంటల వార్తల్లో ఈల వినిపించలేదు. ఆమె ఇంటికి వచ్చేసరికి కింది అంతస్తులో ఉండే జాగోర్కా, గుడ్డు పెట్టిన దేవుడి పటం ముందు నిలబడి ఉంది.

"స్తానియా వదినా, ఇది మీ ఆయన నవ్వే. అచ్చం ఆయనదే."

స్తానియా అవునని అనలేదు, కాదనీ అనలేదు. సాయంత్రానికి మెట్ల మీద ఏడుగురు ఆడవాళ్ళు చేరారు. శనివారం ఒకామె కొవ్వొత్తి తెచ్చింది. ఆదివారం, చర్చి నుంచి తిరిగొస్తూ ఒక ముసలాయన ఆ గుడ్డుకు టోపీ తీశాడు.

"నిజం చెప్పేస్తాను అత్తయ్యా," అంది నెవెంక.

"చెప్పు." స్తానియా గుడ్డు వైపే చూస్తోంది. "ఆయన బతికుండగా ఇంతసేపు నవ్వింది నేను చూడలేదు."

నెవెంక చెప్పలేదు. నాలుక కొసతో ముందు పళ్ళ మధ్య తడుముకుంది. కాస్త సందు తగిలినట్టే ఉంది.

మంగళవారం స్తానియా కూడా క్లినిక్‌కు వచ్చింది. డాక్టర్ చూశాడు. జరిగింది తక్కువేనని, అక్కడికక్కడే ఆపేయొచ్చని చెప్పి పళ్ళ వెనక తీగ అంటించాడు.

"గట్టిగా అంటించు నాయనా," అంది స్తానియా. "మా ఇంట్లో వస్తువులు గిన్నెలో పడుతుంటాయి."

నెవెంక ప్రతి శనివారం పటం దగ్గరి తొడుగును తుడిచింది, చల్లని నీళ్ళతోనే. ఏడాది పొడుగునా లోపలి గుడ్డు వెంట్రుకవాసి కూడా జరగలేదు.