ఓడ కింద పద్దెనిమిది మంది

శనివారం ఉదయం బెంజమిన్ పెట్టుకున్న పని ఒక్కటే. రాజోలులో ఎనిమిదింటి బస్సెక్కి అమలాపురం వెళ్ళి, పెళ్ళికోటు కొలత చూసుకుని, భోజనాల వేళకి ఇంటికి వచ్చేయడం. ఆ తరవాత ఆదివారం ఆరాధన ముగిసేదాకా ఎవరి కంటా పడకుండా ముసుగు తన్ని పడుకుందామని కూడా అనుకున్నాడు. బస్సెక్కకుండా ఆ రెండోదే ముందు చేసి ఉంటే ఎంతో బాగుండేది.

ఎందుకంటే మర్నాడు చర్చిలో మూడో ప్రకటన. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం నిశ్చయమైంది, అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చు అని పాస్టరు దానియేలుగారు వరసగా మూడు ఆదివారాలు చదవాలి. రెండు ఆదివారాలు ఎవరూ కిక్కురుమనలేదు. మూడోది కూడా గట్టెక్కితే రిటైర్డు హెడ్మాస్టరు ఇస్సాకుగారి పెద్దమ్మాయి ప్రసన్నకుమారితో అతని పెళ్ళి ఖాయం. ముప్ఫై రెండేళ్ళ బెంజమిన్‌కి ఇది ఐదో సంబంధం. ముందరి నాలుగూ ఎలా చెడ్డాయో చెప్పడం మొదలుపెడితే ఇవాళ తెమలదు. ఇది కూడా చెడితే ఆరోది చూసే ఓపిక తమకి లేదని ఇంట్లోవాళ్ళు తేల్చి చెప్పేశారు.

బెంజమిన్ ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటరు మాస్టారు. రెండేళ్ళ కిందట, వేసవి సెలవుల్లో చర్చిలో నడిపే బైబిలు బడి పిల్లల కోసం ఫోనులో ఆడుకునే ఆట ఒకటి తయారుచేశాడు. వాన ముంచుకొచ్చేలోగా జంతువుల్ని జంటలు జంటలుగా నోవహు ఓడలోకి ఎక్కించాలి. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఓడ బయట నీళ్ళలో మునిగిపోయే పాపులు కూడా ఉంటే రక్తి కడుతుందని అతనికి తోచింది. పాపులకి మొహాలు కావాలి కదా! వాటి కోసం ఎక్కడికో వెళ్ళనక్కర్లేదు, ఆదివారం చర్చిలో కూర్చుంటే సంఘమంతా ఎదురుగానే ఉంటుంది. పద్దెనిమిది బొమ్మలు గీశాడు. అన్నీ గోరంత బొమ్మలే. ముక్కుకి ఒక చుక్క, మీసానికి రెండు. ఎవరు ఎవరో తనకే గుర్తుండక ప్రతి బొమ్మకీ ఒక పేరు రాసి పెట్టుకున్నాడు. 'పాపి 4, ప్రార్థనలో గురక.' 'పాపి 9, పాట అందరికన్నా ముందే ముగిస్తారు.' 'పాపి 18, మైకు వదలరు.'

దానియేలుగారు చూసి, "పిల్లలు జడుసుకుంటారు బాబూ, ఉత్తి నీళ్ళు చాలు" అన్నారు. సరేనని బొమ్మలు తీసేస్తే ఆట మొదలవడమే మానేసింది. లోపల ఎక్కడో ఏదో వాటితో ముడిపడి ఉంది. ఆ చిక్కు విప్పే ఓపిక లేక, పద్దెనిమిది మందినీ సముద్రం అడుక్కి, తెరకి కిందుగా, ఎవరికీ కనబడని చోటికి తోసేశాడు. ఇలా గీసి వాడకుండా వదిలేసిన సరుకు ప్రపంచంలో ఏ ఆటలోనైనా ఉంటుంది, ఎవడు చూడొచ్చాడు అనుకున్నాడు. ఎవడు చూడొచ్చాడు అనుకున్న ప్రతివాడి బతుకూ ఇలాగే తగలడుతుంది.

అమలాపురంలో టైలరు వీర్రాజు కోటు తొడిగి గుండుసూదులు గుచ్చుతూ ఉండగా బెంజమిన్ ఫోను మోగింది. ఇస్సాకుగారి రెండో అమ్మాయి పింకీ. ఇంజనీరింగు చదువుతోంది.

"బావగారండీ, మీ ఆట లోపల మనుషులున్నారేంటండీ?"

"ఏ మనుషులమ్మా?"

"నీళ్ళ అడుగునండి. ఏ ఆటనైనా మూట విప్పినట్టు విప్పి లోపలున్నవన్నీ చూడొచ్చని మా కాలేజీలో చెప్పేరండి. సరే చూద్దామని మీదే విప్పేను. పద్దెనిమిది మంది పాపులు దొరికేరండీ! పేర్లు చదివి చదివి కడుపు చెక్కలైపోయిందండి."

"ఎవరికైనా చూపించేవా అమ్మా?"

"అబ్బెబ్బే, ఎవ్వరికీ లేదండి. మన యూత్ గ్రూపులో పెట్టేను, అంతే."

యూత్ గ్రూపులో నూట అరవై మంది ఉన్నారు. వాళ్ళలో సగం మందికి మనవలున్నారు.

"ఒక్కటడగనా అండీ? పద్దెనిమిదోది మా నాన్నగారే కదండీ?"

"ఛఛ, కాదమ్మా!"

"ఆయ్, అలాగేనండి" అంది పింకీ. ఆ 'ఆయ్'లో నమ్మకం మచ్చుకైనా లేదు.

బెంజమిన్ కోటు విప్పకుండానే బెంచీ మీద కూలబడి, సంచీలోంచి లాప్‌టాప్ తీశాడు. "కదలకండి బాబూ, సూదులు దిగిపోతాయి" అని వీర్రాజు మొత్తుకుంటున్నా వినలేదు. పదిహేడు మంది పాపుల సంగతి తరవాత, ముందు మావగారిని నీళ్ళలోంచి తీసేయాలి. పద్దెనిమిదో బొమ్మని ఆనవాలు లేకుండా చెరిపేసి, ఆట ఉన్న ఫోనులన్నిటికీ ఆ మార్పు పంపేశాడు. తెరిచినప్పుడల్లా కొత్త మార్పుల్ని దానంతట అదే దింపుకునేలా ఆటని కట్టింది అతనే. ఆ తెలివికి ఒకప్పుడు తన భుజం తానే తట్టుకున్నాడు కూడా.

బొమ్మ లేకపోతే ఆట నడవదన్న సంగతి ఆ కంగారులో గుర్తు రాలేదు. ఆట తయారుచేసే రోజుల్లో, ఏ బొమ్మ తప్పిపోయిందో తనకి తెలియడానికి ఒక హెచ్చరిక రాసి పెట్టుకున్నాడు. అది కూడా తీసేయలేదు. రాజోలు నుంచి ఐ.పోలవరం దాకా, ఆ ఆట ఉన్న రెండు వందల ముప్ఫై ఫోనుల్లో, తెరిచిన ప్రతిచోటా పెద్ద అక్షరాలతో ఇలా పడింది: 'పాపి 18, మైకు వదలరు, కనబడుట లేదు. దొరికే వరకు ఓడ కదలదు.'

సెలవులు. పిల్లలందరి చేతుల్లోనూ ఫోనులే. పైకి చదివి ఇంట్లో అందరికీ వినిపించారు. పావుగంటలో ఐ.పోలవరం నుంచి ఎవరో పెద్దాయన ఫోను చేశారు.

"బాబూ, మైకు వదలనాయన కనబడ్డం లేదంట కదండీ? ఎప్పట్నించండీ? పోలీసులకి చెప్పేరా?"

"అయ్యో, అది ఉత్తి బొమ్మేనండీ!"

"బొమ్మ కూడా వేసేరా? పోన్లెండి, తొందరగా దొరుకుతారు."

కోనసీమలో మైకు వదలనివాళ్ళకి కొదవ లేదు గానీ, ఆ సంఘంలో ఒక్కరే. బొమ్మ తిరిగి పెట్టేస్తే హెచ్చరిక పోతుంది. కానీ దాన్ని చెరిపేశాడు కదా, మళ్ళీ గీసే తీరిక లేదు. ఏదో ఒక బొమ్మ ఉంటే చాలు, సముద్రం అడుగున ఎవడు చూస్తాడు? ఫోనులో చేతికి అందిన ఇస్సాకుగారి ఫొటో తీసి పెట్టేశాడు. ప్రధానం రోజున తీసినది. తెల్లచొక్కా, మొహం నిండా నవ్వు, మెడలో బారెడు బంతిపూల దండ.

హెచ్చరిక పోయింది. అతను ఊపిరి పీల్చుకున్నాడు, పాపం. కానీ ఆ ఫొటోకి చోటు చెప్పడం మరిచిపోయాడు. చోటు చెప్పని బొమ్మ తెర పైన ఎడమ మూలకి పోయి కూర్చుంటుంది. ఆ మూల ఉన్నవి వాన వెలిశాక వచ్చే తెల్లమబ్బులూ, ఆకు కరుచుకుని వచ్చే పావురమూను.

తెల్లమబ్బులు, పావురం, మెడలో దండ. ఇలాంటి ఫ్లెక్సీలు మన వైపు సెంటరుకి నాలుగైనా ఉంటాయి. కింద ఏం రాసి ఉంటుందో ఎవరూ చదవరు, చదవక్కర్లేదు. పొద్దున్న కనబడలేదన్న మనిషి పదకొండింటికల్లా మబ్బుల్లో దండతో తేలాడంటే ఏమైనట్టు? అయ్యో, కాలవలో పడి ఉంటారన్నారు. పన్నెండింటికి వాట్సాప్ స్టేటస్‌ల నిండా ఇస్సాకుగారే. 'ప్రభువునందు నిద్రించిన మాస్టారికి కన్నీటి నివాళి.'

బెంజమిన్ బస్సులో ఉండగా తల్లి ఫోను చేసింది. "ఒరే, మీ మావయ్యగారు పోయేరంట కదరా! ఇంకెక్కడి పెళ్ళిరా, ఏడాది దాకా ఊసెత్తరు. నీ జాతకమే ఇంతరా నాయనా." క్రైస్తవులకి జాతకాలేమిటని అడిగే ఓపిక కూడా అతనికి లేదు. పింకీకి చేస్తే ఎత్తలేదు. ఇస్సాకుగారికి పదిసార్లు ఫోను చేశాడు. ఒంటిగంట నుంచి నాలుగింటి వరకూ ఆయన నిద్రపోతారు. భూకంపం వచ్చినా ఆ మూడు గంటలూ లేవరు. ఇంక ఈ సంబంధం దక్కదని బెంజమిన్ సగం దారి దాటకముందే నిశ్చయించేసుకున్నాడు. మిగిలిన దారంతా కిటికీలోంచి కొబ్బరిచెట్లని చూస్తూ, వాటి మీద అసూయపడ్డాడు.

అతను వెళ్ళేసరికి ఇస్సాకుగారి వీధి జనంతో కిటకిటలాడుతోంది. షామియానా గంగయ్య కుర్చీలు దింపిస్తున్నాడు. "పెళ్ళికి మాట్లాడినవేనండి. ఎలాగూ ఇక్కడికే కదాని, ముందు దీనికి తెచ్చేసేను. మైకు సెట్టు కూడా తెచ్చేనండి" అన్నాడు.

అరుగు మీద మంచంలో ఇస్సాకుగారు, ఈగలు వాలకుండా మొహం మీద తువ్వాలు కప్పుకుని, కదలకుండా పడుకుని ఉన్నారు. నిద్రపోతున్నారండీ అని పింకీ చెబుతున్నా, అందరూ ప్రభువునందే అనుకుంటున్నారు. అప్పుడే కాట్రేనికోన నుంచి రెండు ఆటోల జనంతో దిగిన ఆయన అక్కగారు పాపాయమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చి మీద పడింది.

"తమ్ముడోయ్! కూతురి పెళ్ళి కళ్ళ చూడకుండానే పోయేవా తమ్ముడోయ్!"

"ఎవరే అది!" అని ఇస్సాకుగారు ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు.

"లేచేడ్రోయ్!" అని పాపాయమ్మ వెనక్కి విరుచుకుపడింది. కొందరు మోకాళ్ళ మీద పడ్డారు. ఇద్దరు గోడ దూకారు. ఈ గొడవలో బెంజమిన్ నల్లకోటుతో, చంకల్లో గుండుసూదులతో చేతులు ఎడంగా పెట్టుకుని నడిచి వచ్చాడు. "అల్లుడుగారు చూడండి, ఎంత పద్ధతిగా తయారై వచ్చేరో" అని ఎవరో కళ్ళు తుడుచుకున్నారు.

పావుగంట పట్టింది ఇస్సాకుగారికి విషయం బోధపడ్డానికి. పింకీ తన ఫోను తెచ్చి మబ్బుల్లో ఆయన్ని చూపించింది.

"ఈ ఫొటో ఎవరు పెట్టేరు?" అన్నారాయన.

"నేనేనండి మావయ్యగారూ" అన్నాడు బెంజమిన్. అయిపోయింది, ఇంక దాచేదేముంది? "తప్పైపోయిందండి. అసలు ఆ ఆటలో నేను మిమ్మల్ని పాపి..."

ఇస్సాకుగారు వినడం లేదు. అరుగు మీంచి జనాన్ని చూస్తున్నారు. నూట యాభై మందికి తక్కువ లేరు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా రిటైర్మెంటు సభకి ఇరవై ముగ్గురు వచ్చేరు బాబూ. అందులో తొమ్మిదిమంది వంటవాళ్ళు. నా కోసం ఇంతమంది ఏడుస్తారని నేను ఎరగను."

అని లేచి, గంగయ్య చేతిలోని మైకు అందుకున్నారు. వచ్చినవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పడానికి యాభై నిమిషాలు తీసుకున్నారు. మధ్యలో గొంతు తగ్గించి, "ఎవరో మైకు వదలనాయన పొద్దుట్నించీ కనబడ్డం లేదంట. ఎవరో మనందరికీ తెలుసు, పేరెందుకులెండి. ఎక్కడున్నా క్షేమంగా ఉండాలని ప్రార్థిద్దాం" అని ముందు వరసలో కూర్చున్న సంఘం ట్రెజరరుగారి వైపు జాలిగా చూశారు. బెంజమిన్ తలొంచుకుని ప్రార్థించాడు.

మర్నాడు చర్చి నిండిపోయింది. మిగిలిన పదిహేడు మంది పాపులూ వచ్చారు. బెంజమిన్ ఒక్కొక్క మొహమే చూశాడు. కోపం ఎవరి మొహంలోనూ లేదు. పేర్లు అందరూ చదివారు, కానీ ఎవరికి వారు అది పక్కవారి సంగతే అనుకున్నారు. ప్రార్థనలో గురకపెట్టే ఆయన, పక్కనున్నాయన్ని 'పోనీలెండి, వయసు కదా' అని ఓదార్చారు కూడా.

దానియేలుగారు మూడో ప్రకటన చదివారు. "అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడు చెప్పవచ్చు."

బెంజమిన్ మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఏడు దాకా వచ్చాడు. ఆడవాళ్ళ వైపు, మూడో బెంచీలోంచి ప్రసన్నకుమారి లేచి నిలబడింది.

"ఉందండి" అంది.

దానియేలుగారి ముప్ఫై ఏళ్ళ సేవలో అభ్యంతరం చెప్పినవారే లేరు. పెళ్ళికూతురు చెప్పడమన్నది ఆయన ఊహకి కూడా అందలేదు. "నువ్వా అమ్మా? ఎవరి మీద?"

"ఆయన మీదేనండి. నిన్న ఇంటి నిండా జనం ఉంటే, నేను గదిలో కూర్చుని ఆ బొమ్మలన్నీ చూసేను. ఎవరు గురకపెడతారో రాసేరు. ఎవరు పాట ముందే ముగిస్తారో రాసేరు. మా బెంచీలో నాకు కుడిపక్క కూర్చునే ఆవిడ ఉన్నారు. ఎడంపక్క కూర్చునే ఆవిడా ఉన్నారు. మధ్యలో నేను లేనండి."

బెంజమిన్ లేచాడు. ఐదో సంబంధం కళ్ళముందే జారిపోతోంది, ఏదో ఒకటి చెప్పాలి. "మీలో ఏ తప్పూ కనబళ్ళేదండి, అందుకనే..."

"తప్పు కనబళ్ళేదా, నేనే కనబళ్ళేదా అండీ?" అంది ప్రసన్నకుమారి. "ఐదేళ్ళ నించి అదే బెంచీలో కూర్చుంటున్నాను. సంఘంలో అందర్నీ అంత కనిపెట్టి చూసిన మనిషి నన్ను ఒక్కసారి చూళ్ళేదు. ఇంక పెళ్ళయ్యేక ఏం చూస్తారండీ?"

"ఆయ్, మరే" అంది వెనక నుంచి పాపాయమ్మ. ఆడవాళ్ళ వైపు బెంచీలన్నిట్లోంచీ "ఆయ్, ఆయ్" అని వినబడింది.

దానియేలుగారు ప్రకటన కాగితం మడిచి పక్కన పెట్టారు. "అయితే ఏం చెయ్యమంటావమ్మా?"

"నా బొమ్మ ఒకటి వెయ్యమనండి. ఫొటో చూడకూడదు, ఎవర్నీ అడక్కూడదు. చూసి చెప్తాను."

ప్రకటన ఆగిపోయింది. కుదిరితే మళ్ళీ మొదటి ఆదివారం నుంచి మొదలుపెడదామన్నారు దానియేలుగారు. బెంజమిన్ ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి వచ్చి, తలుపు గడియ వేసుకుని, లాప్‌టాప్ తెరిచాడు. గంట క్రితం తన ఎదురుగా నిలబడి అంతసేపు మాట్లాడిన మనిషికి కళ్ళజోడు ఉందో లేదో ఎంత ఆలోచించినా అతనికి గుర్తు రాలేదు.